మూడో గడిలో పెద్దాయన

గోడల మీద బొగ్గుబొమ్మలు గీసి అమ్మ చేత దెబ్బలు తినడం, లెక్కల నోటుపుస్తకం అంచుల్లో మాస్టారి ముక్కు పెంచడం, వారపత్రికలకు పంపిన కార్టూన్లు నేను స్టాంపులంటించి జతచేసిన కవర్లలోనే క్షేమంగా తిరిగి రావడం, ఇవన్నీ అయ్యాక ఒక దినపత్రిక విశాఖ జిల్లా పేజీలో రోజూ మూడు గడుల స్ట్రిప్పు వేసే యోగం నాకు పట్టింది. తొలి తెలుగు కార్టూనిస్టుగా పేరున్న తలిశెట్టి రామారావు గారి పుట్టినరోజు, మే 20న, మాకు శాలువాలు కప్పేవారున్నారు గాని, తక్కిన రోజుల్లో మా మూడో గడిని కాపాడే నాథుడు లేడు.

ఇవాళ్టి స్ట్రిప్పు మొదటి గడిలో వాలుకుర్చీలోని ఒకాయన "ఇవాళ ఇల్లెంత ప్రశాంతంగా ఉందో!" అంటాడు. రెండో గడిలో పొరుగాయన "ఏమిటి విశేషం?" అని అడుగుతాడు. మూడో గడిలో "కరెంటు పోయింది, సీరియల్ రాలేదు" అని జవాబు రావాలి. రాత్రి పొద్దుపోయాక ప్రకటన ఒకటి వచ్చిందట. పేజీ పెట్టే మహానుభావుడు నా మూడో గడిని లేపేసి, సరిగ్గా అదే కొలతలో, దండ వేసిన ఒక పెద్దాయన ఫోటోతో శ్రద్ధాంజలి అమర్చాడు.

ఉదయం బీచ్ రోడ్డులో, కురుసుర జలాంతర్గామి ఎదుట, నడకకు వచ్చిన ఒక రిటైర్డ్ పెద్దమనిషి నన్ను ఆపి, నాలుగు మడతలు పెట్టిన పేపరును చంకలోంచి తీసి, కళ్లజోడు సవరించుకుని, నా కార్టూన్‌ను నాకే, తన నడక మిత్రులందరి సమక్షంలో, వివరించడం మొదలుపెట్టారు. "ఇన్నాళ్లూ మీవి చూస్తున్నా గాని నవ్వు రాలేదండీ. ఇవాళ మా ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వాం. ఒక్క మాట లేకుండా జవాబు చెప్పించారు చూశారూ, అదీ! పైగా ఆ ముసలాయన బొమ్మ అచ్చం ఫోటోలాగే గీశారు." పక్కాయన తొంగిచూసి, "కింద 'దుఃఖతప్తులైన కుటుంబసభ్యులు' అని రాయడం ఇంకా బాగుందండీ" అన్నారు. 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున నిలిచిన ఆ జలాంతర్గామిలో దూరి దాక్కుందామంటే, ఆ వేళకు దాని తలుపులు తీయరు. అంతా చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టాను.

డెస్కుకు ఫోన్ చేస్తే, "ప్రకటనకు వాళ్లు డబ్బు కట్టారండీ, మీకు మేం కడుతున్నాం" అన్నారు. ఈ నెల పారితోషికంలో ఆ గడి తాలూకు మూడో వంతు కోస్తారా అని అడిగేలోగా లైను కట్ చేశారు.