దేవదూతలు తాగారు, బిల్లు మాకొచ్చింది

స్కాట్లాండులో లైసెన్సు లేకుండా, సుంకం కట్టకుండా తరతరాలుగా తాగుతున్న వర్గం ఒకటుంది. వాళ్ల మీద కేసు లేదు, కనీసం నోటీసు కూడా లేదు. పైగా డిస్టిలరీ చూడ్డానికి వెళ్లినవాళ్లకి గైడ్లు ఆ సంగతి ముచ్చటగా చెప్తారు. ఓక్ పీపాలో పెట్టిన విస్కీ ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది, అది దేవదూతల వాటా అట. సరుకు గోదాం దాటి బయటికొచ్చినప్పుడే సుంకం కాబట్టి, లోపల గాల్లో కలిసిపోయినదాని గురించి బ్రిటన్ ప్రభుత్వం కూడా పట్టించుకోదు. పట్టించుకోవాల్సింది చివర్లో గ్లాసు పట్టుకునేవాడు, అంటే నేనూ, నా మిత్రులూ.

ఎడిన్‌బరోలో లీత్ రేవు వైపు ఒక బార్లో కూర్చున్నాం. ఒకడిది గుంటూరు, ఒకడిది వరంగల్, ఒకడిది విశాఖ, అందరం ఏం పని చేస్తామో వేరే చెప్పక్కర్లేదు. ఒక్కొక్కరి ముందు మూడేసి తులిప్ పువ్వు ఆకారం గ్లాసులు, ఒక్కోదాంట్లో 25 మిల్లీలీటర్లు. మన లార్జ్‌లో సగం కూడా కాదు. మధ్యలో ఓట్స్‌తో చేసిన ఎండు బిస్కెట్లు నాలుగు, నీళ్ల కూజా, చంటిపిల్లలకి జ్వరం మందు వేసే డ్రాపర్ లాంటిదొకటి. వరంగల్ వాడు పళ్లెం కేసి చాలాసేపు చూసి, "మామా, స్టఫ్ గిదేనా?" అన్నాడు.

మొదటి గ్లాసులోని విస్కీకి 31 ఏళ్లు. మాలో చిన్నవాడికి 29. తెలుగు మర్యాద ప్రకారం దాన్ని అన్నయ్యగారూ అని పిలిచి, కాళ్లకి దండం పెట్టి, ఆ తర్వాత తాగాలి. స్కాచ్ అనిపించుకోవడానికి చట్టం ప్రకారమైతే మూడేళ్లు నిండితే చాలు: స్కాట్లాండులోనే, 700 లీటర్లు మించని ఓక్ పీపాలో. ఆపైన గడిచిందంతా సీనియారిటీ. ఏ పనీ చెయ్యకుండా చల్లటి చీకటి గదిలో పడుకుని ఉంటే ఏటేటా విలువ పెరిగే ఉద్యోగం ఇదొక్కటే అనుకుంటా. మా ఫీల్డులో నలభై దాటినవాడి విలువ ఎటు పోతుందో హెచ్‌ఆర్ వాళ్లనడగండి.

అయితే ఈ సీనియారిటీలోనూ టెన్షన్ ఉంది. అక్కడి చల్లదనానికి, తేమకి పీపాలోంచి నీళ్ల కన్నా ఆల్కహాలు ముందు పోతుంది, ఏడాదికేడాది ఘాటు తగ్గుతుంది. 40 శాతం కిందకి దిగిందా, అది స్కాచ్ విస్కీ కాదు. తండ్రి పీపా నింపితే కొడుకు మూత తీసేనాటికి 39.9 ఉందనుకోండి, ఇక ఆ ఇంట్లో పరిస్థితి ఊహించుకోవాల్సిందే.

గుంటూరు వాడు ఫోన్ తీసి లెక్క కట్టాడు. హాగ్స్‌హెడ్ అనే పీపాలో పట్టేది సుమారు 250 లీటర్లు. ఏటా 2 శాతం చొప్పున 30 ఏళ్లు పోతే మిగిలేది 136, అంటే 700 మిల్లీలీటర్ల సీసాలు 190 పైచిలుకు. మిగతా 114 లీటర్లు దేవదూతలు తాగేశారు. ఆ లెక్కన మన దేశపు దేవదూతలు ఇంకా ఘనులు. 2004లో గ్లాస్గోలోనే విడుదలైన అమృత్ సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ) బెంగళూరు ఎండలో తయారవుతుంది, అక్కడ ఏటా 10 శాతం పైమాటే పోతుంది. ముప్ఫై ఏళ్లు ఆగితే పీపా అడుగున తడి మిగులుతుందేమో. స్కాట్లాండు దేవదూతలు కొలిచి తాగే పెద్దమనుషులు, మనవాళ్లు క్వార్టర్ గాళ్లు.

ఇక సింగిల్ కాస్క్, అంటే ఒంటిపీపా విస్కీ గొప్పదనం. పదుల కొద్దీ పీపాలు కలిపి, ఈ ఏడు సీసా వచ్చే ఏడు సీసాతో తేడా రాకుండా చూసే బ్లెండర్ పనితనం మామూలుది కాదు, కానీ ఆ సరుకు ఎయిర్‌పోర్టు షాపులో గుట్టలుగా చౌకగా పడుంటుంది. ఒక్క పీపా మూత తీసి, దేంతోనూ కలపకుండా సీసాల్లోకి వంపేసినదాన్ని మాత్రం చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. బాగుందనుకోండి, మళ్లీ దొరకదని బాధ. బాగాలేదనుకోండి, మళ్లీ దొరకదు కాబట్టి ఫిర్యాదుకి అర్థం లేదు. అమ్మేవాడికి ఇంతకన్నా క్షేమమైన వ్యాపారం ఇంకోటుందా? 1926లో తీసి 1986లో సీసాల్లోకి ఎత్తిన మెకాలన్ విస్కీ ఇలాంటి ఒక్క పీపాదే, వచ్చినవి 40 సీసాలు, అందులో ఒకటి 2023లో లండన్ వేలంలో 21 లక్షల పౌండ్ల పైన పలికింది. కొన్నాయన తాగకపోతేనే మంచిది, తాగితే ఖాళీ సీసా మిగులుతుంది.

"మా ఊర్ల ఎప్పటికెల్లి ఉన్నదే ఇది" అన్నాడు వరంగల్ వాడు. "మా తాత ఒంటిచెట్టు కల్లు తప్ప ఇంకోటి ముట్టకపోయేటోడు." నిజమే, కాకపోతే కల్లుకి వయసు గంటల్లో ఉంటుంది, పొద్దున తియ్యన, సాయంత్రానికి పులుపు. పన్నెండేళ్ల కల్లని ఎవరైనా అమ్మబోతే ఊరు ఊరుకోదు.

లీత్‌లోనే ఒక సొసైటీ ఉంది, స్కాచ్ మాల్ట్ విస్కీ సొసైటీ, 1983 నుంచి సింగిల్ కాస్క్‌లు అమ్ముతుంది. పేరు చూసి మురిసిపోకుండా రుచి చూసి తాగండయ్యా అని డిస్టిలరీ పేరు వెయ్యకుండా సీసా మీద నంబరు వేస్తారు. ఉద్దేశం గొప్పదే. జనం ఏ నంబరు ఏ డిస్టిలరీదో బట్టీ పట్టేశారు.

మూడో గ్లాసు ఐలా దీవిది. అక్కడ బార్లీని పీట్ (చిత్తడి నేలల్లోంచి తవ్వి ఎండబెట్టిన మట్టి) పొగలో ఆరబెడతారు, ఆ పొగలోని ఫినాల్స్ అనే వాసన పదార్థాలు ఏళ్లు గడిచినా వదలవు. గుంటూరు వాడు ముక్కు లోపలికంటా పెట్టి, "బావా, ఇది మా అమ్మమ్మ బీరువా. కలరా ఉండలు, పాత పట్టుచీర" అన్నాడు. గ్లాసుతో పాటిచ్చిన రుచుల కార్డు మీద మాత్రం సముద్రపు నాచు, తారు పూసిన తాడు, చల్లారిన బూడిద అని ఉంది. "ఫిషింగ్ హార్బర్ అని ఒక్క ముక్క రాస్తే పోయేదిగా" అన్నాడు విశాఖ వాడు. రెండు చుక్కలు నీళ్లు వేస్తే వాసన ఇంకా విచ్చుకుంటుందని బార్ ఆయన చెప్పాడు. దానికి శాస్త్రం కూడా ఉంది, నీళ్లు కలిస్తే గ్వాయకోల్ అనే పొగవాసన పదార్థం గ్లాసులో పైకి తేలుతుందని 2017లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్తలు కంప్యూటర్లో లెక్కలు వేసి చెప్పారు. సోడా గురించి వాళ్లేమీ చెప్పలేదు కాబట్టి మేమూ అడగలేదు.

గొడవ బిల్లు దగ్గరొచ్చింది. ఆ రాత్రి కారు నడపాల్సింది విశాఖ వాడు. 2014 డిసెంబరు నుంచి స్కాట్లాండులో బండి నడిపేవాడికి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాలు, ఇంగ్లండు కన్నా కఠినం. అందుకని వాడు మూడు గ్లాసులూ వాసన మాత్రమే చూసి మాకు తోసేశాడు, ఇప్పుడు బిల్లులో నాలుగో వంతు నేనెందుకివ్వాలంటాడు. ఈ రుచిలో ఎక్కువ పని ముక్కుదేనని బార్ ఆయన సాయంత్రమంతా చెప్పాడు కదా, ఆ ప్రకారం అందరికన్నా ఎక్కువ అనుభవించింది నువ్వేరా అంటాడు గుంటూరు వాడు. వాసనకి డబ్బుల గలగల చాలన్న పాత తీర్పు మన కథల్లో ఉందని విశాఖ వాడు గుర్తుచేశాడు. చివరికి కార్డు నేను పెట్టాను, మెషీన్ బీప్ అంది. ఆ చప్పుడు తనకీ స్పష్టంగా వినిపించిందని, తన వాటా తీరిపోయిందని వాడు ఇవాళ్టికీ వాదిస్తున్నాడు.