దగ్గితే గుండె నిలబడదు కాకా

తెల్లారకముందే ఒక్కడే బావికాడికి పోయే మా కాకకు ఆ మెసేజ్ ఎందుకు నచ్చిందో నాకు తెలుసు. ఒంటరిగా ఉన్నప్పుడు గుండెపోటు వస్తే స్పృహ తప్పేలోపు పది సెకన్లే ఉంటాయట. గట్టిగా ఊపిరి పీల్చి దగ్గుతూ ఉంటే గుండె ఒత్తుకుని రక్తం ఆడుతుందట. పదిమందికి పంపితే ఒక ప్రాణం కాపాడినట్టేనట. “నువ్వు నేర్చుకున్నది గిదే గద బిడ్డా” అని కింద రాశాడు. హన్మకొండలో మా కాలేజీలో సీపీఆర్, అంటే ఆగిన గుండెను ఛాతీ నొక్కి ఆడించడం, నేర్పి వారం కూడా కాలేదు. నేను నేర్చుకున్నది ఇది కాదు.

ముందు ఆ పది సెకన్ల సంగతి. గుండెపోటంటే గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం. ఛాతీ బరువెక్కుతుంది, చెమటలు పడతాయి, నొప్పి చేతికో దవడకో పాకుతుంది. అయినా మామూలుగా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, మనిషి మాట్లాడుతూనే ఉంటాడు. గుండె ఆగిపోవడం వేరు. గుండెపోటు ముదిరి అందులోకి దిగొచ్చు, దిగితే సెకన్లలో కుప్పకూలుతాడు. మొదటిదాన్ని దగ్గడం నయం చేయదు. రెండోదాంట్లో దగ్గడానికి సోయే ఉండదు.

దగ్గితే గుండె ఒత్తుకుంటుందన్నది మాత్రం పూర్తిగా గాలిమాట కాదు. యాంజియోగ్రామ్ గదిలో గుండె లయ ఉన్నట్టుండి తప్పితే, ఇంకా సోయిలో ఉన్న పేషెంటును డాక్టర్ దగ్గమనడం ఉంది. ఎదురుగా మానిటర్, పక్కనే షాక్ మిషన్, అదీ కొన్ని క్షణాలకే. దాన్ని తెచ్చి బావిగడ్డ మీద పెట్టారు! ఈ దగ్గు పద్ధతిని మామూలు జనానికి నేర్పకూడదని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఎప్పటినుంచో చెబుతోంది.

ఆగిన గుండెను ఆడించడమంటే ఏమిటో క్లాసులో మనిషి బొమ్మ మీద చేతులు పెట్టాకే తెలిసింది. ఛాతీ నడిమధ్య, మోచేతులు వంచకుండా, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. ఎముక విరుగుతుందేమోనని నేను మెత్తగా నొక్కితే బొమ్మలోంచి టక్కుమనే చప్పుడే రాలేదు. “ఏమ్మా, పిండి పిసుకుతున్నవా?” అన్నారు సార్. రెండు నిమిషాలకే భుజాలు పడిపోయాయి. అందుకే అంతలోపు మనిషిని మార్చమంటారు. ఎవరి గుండెకు వాళ్లు చేసుకునే పని కాదది.

ఇక పంపితే ప్రాణం కాపాడినట్టేనన్న మాట. నాకు కోపం వచ్చింది ఇక్కడే. దగ్గుతూ కూర్చున్నంతసేపూ 108కి ఫోన్ పోదు. పక్కన పడిపోయినవాడు పిలిచినా పలక్క ఎగశ్వాస తీస్తుంటే అది శ్వాస కింద లెక్క కాదని, స్పీకర్‌లో 108 పెట్టి నొక్కడం మొదలెట్టాలని ఆ మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు.

కాక వదల్లేదు. “మరి బావికాడ నేనొక్కన్నే ఉంటే ఎట్ల?”

ఛాతీ పట్టేసినట్టుంటే సోయి ఉండంగనే 108కి చేసి, బావి ఏ దారిలో ఉందో చెప్పి, ఇంటికి ఇంకో ఫోన్ కొట్టి ఉన్నచోటే కూర్చోమన్నాను. బండి తోలుకుంటూ ఎంజీఎం దవాఖానకు బయల్దేరొద్దన్నాను. మోటారు వేసేటప్పుడు ఫోన్ స్టార్టర్ డబ్బా మీద పెట్టి మడి దిక్కు పోవడం ఆయనకు అలవాటు.

“ఫోన్ జేబుల పెట్టుకో కాకా” అన్నా.