‘దగ్గరే’ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘దగ్గరే’ గారి దివ్యసముఖమునకు,

శ్రీకాకుళం నుంచి తమ విధేయుడు, నాగావళి ఒడ్డు పాదచారి, చేసుకొను విన్నపములు. ఉభయకుశలోపరి అని రాయాలి గానీ నా వైపు కుశలం లేదు. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. కుడికాలి బొటనవేలి గోరు నల్లబడింది. మీరు కులాసాగానే ఉండి ఉంటారు. దారి అడిగినవాళ్లకి జనం చెప్పే మాట మీరు, మీకు కాళ్లు లేవు కదా.

మొన్న ఆదివారం సంగతి మీకు గుర్తుండకపోవచ్చు. రోజుకి నాలాంటివాళ్లని ఎంతమందిని పంపుతుంటారో! రాజాంలో బస్సు మారి, పోయినసారి నడక ఆపిన కల్వర్టు దగ్గర దిగేసరికి ఉదయం ఏడూ పది. నాగావళి ఒడ్డునున్న అయిదు శివాలయాలూ విడతలవారీగా నడిచి చూడాలని బయల్దేరినవాణ్ణి. ఎక్కడ ఆపానో అక్కడి నుంచే మొదలుపెట్టాలన్నది నాకున్న ఒకే ఒక్క నియమం. మొక్కు లేదు, మాల లేదు, ఉపవాసం అసలే లేదు. సెలవు దొరికినప్పుడు కొంత, దొరకనప్పుడు శూన్యం. ఆ కల్వర్టు మీద పాత ఎన్నికల నాటి పేరొకటి సగం చెరిగిపోయి ఉంటుంది. అది ఎక్కడ దాటిపోతుందోనని రెండు స్టాపుల ముందే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. పన్నెండు లోపు సంగం చేరి, సంగమేశ్వరుణ్ణి చూసి, ఏటిలో కాళ్లు పెట్టుకుని కూర్చోవాలని నా ప్లాను.

ఎనిమిదింటికి టీ కొట్టు దగ్గర అడిగాను. ‘దగ్గరే బావు, మూడు కిలోమీటర్లుంటాది’ అన్నాడాయన, గ్లాసు కడుగుతూనే. సంతోషం. ఇంకో టీ తాగాను.

తొమ్మిదింపావుకి గేదెలు తోలుకెళ్తున్నాయన ‘దగ్గరే, నాలుగుంటాది’ అన్నాడు. పదిన్నరకి సైకిలు మీద ఒక కుర్రాడు. ‘దగ్గరేనండీ, అయిదు!’

ఆ లెక్కన నేను వెనక్కి నడిస్తేనే సంగం దగ్గరయ్యేలా ఉంది.

మీ మీద ఊరికే నింద వెయ్యకూడదని సాక్షులను కూడా విచారించాను. ఫోను తీస్తే మ్యాపులో నీలం చుక్క నాగావళి నడిమధ్య నిలబడి ఉంది, నేనేమో చెరకు ట్రాక్టరుకి దారిస్తూ మట్టిలో. కిలోమీటరు రాయి ఒకటి కాలవ రేవులో దొరికింది. దాని మీద ఒకావిడ బట్టలుతుకుతోంది. అంకె సబ్బు నురగ కింద ఉంది. చెయ్యి పెట్టి తుడిచి చూద్దామనుకున్నాను గానీ, పరాయి ఊరు, ఆడవాళ్ల రేవు. బాగుండదని వచ్చేశాను.

ఇన్ని ఆదివారాల నడకలో మీ కొలతలు కొంత పట్టుబడ్డాయి. చెయ్యి చాపి ‘ఇదిగో’ అంటే కిలోమీటరు. ‘అదిగో’ అంటే మూడు. ‘అద్దిగో’ అని ఒత్తితే అయిదుకి తక్కువ ఉండదు. ఇక చెయ్యి కూడా ఎత్తకుండా గడ్డం పైకెత్తి ‘దగ్గరేఏఏ’ అని దీర్ఘం తీశారా, ఆ దీర్ఘం ఎంత పొడుగో దారీ అంత పొడుగు. అలాంటి దీర్ఘం విన్నాక చెప్పులు బిగించుకోవడమే.

అసలు మీ ప్రతాపం నాకు చిన్నప్పుడే తెలియాల్సింది. మా ఊరి స్టేషను పేరే ‘శ్రీకాకుళం రోడ్డు’. అది ఆమదాలవలసలో ఉంటుంది. రైలు దిగి ఊరెక్కడ అని చూసుకున్న కొత్తల్లుళ్లందరికీ మీరే స్వాగతం చెప్పారు. పన్నెండు పదమూడు కిలోమీటర్లు దగ్గర కాకపోతే మరేమిటి, పాపం.

ఒక మాట ఒప్పుకుంటాను. ఆ టీ కొట్టాయనా, సైకిలు కుర్రాడూ అబద్ధం చెప్పాలని చెప్పలేదు. ఈ దారిలో నడిచేవాడు ఇప్పుడెవడూ లేడు. మా తాతల కాలంలో క్రోసు అనేవారు, ఆమడ అనేవారు. ఆమడంటే నాలుగు క్రోసులు, పొద్దున్న బయల్దేరితే భోజనాల వేళకి చేరే దూరం. కాళ్లతో కొలిచిన లెక్కలవి. ఇప్పుడు మిమ్మల్ని బండి మీద కూర్చుని వాడుతున్నారు. బండి మీద సంగం దగ్గరే. ఆ మాటకొస్తే కాశీ కూడా దగ్గరే. నడుస్తూ కనబడ్డవాణ్ణి చూస్తే జనానికి ముందు జాలి, తర్వాత అనుమానం. ‘ఏటి బావు, బస్సు తప్పిపోనాదేటి?’ ‘ఒక్కరేనా?’ ‘ఇంట్లో గొడవేటి?’ ఒకాయన బండి ఆపి, ఎక్కనంటే కోప్పడి మరీ వెళ్లాడు.

పదకొండూ నలభైకి ఇక ఓపిక చచ్చింది. అరుగు మీద చింతపండు పిక్కలు తీస్తున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగి, ‘అమ్మా, నిజం చెప్పు, సంగం ఎంత దూరం?’ అన్నాను. ఆవిడ నా కాళ్లవైపు చూసింది, ఎండవైపు చూసింది. ‘దగ్గరే నాయినా’ అంది.

‘నువ్వూ అదే మాటా!’ అని అరిచాను. నిజంగానే అరిచాను. పిక్క తీసి చాటలో పడేసి నింపాదిగా అంది: ‘దూరమంటే కూకుండిపోతావు కదేటి.’

ఇదిగో, ఇక్కడే మీతో నా మర్యాద అయిపోయింది. ఏమయ్యా దగ్గరే, కూర్చుంటే ఏమవుతుంది? కూర్చుంటే ఆటో వచ్చేది! లేదా మజ్జిగ తాగి, మధ్యాహ్నం చెట్టు కింద పడుకుని, సాయంత్రం చల్లబడ్డాక నడిచేవాణ్ణి. తొమ్మిది కిలోమీటర్లుందని పొద్దున్నే ఒక్కడు చెప్పి ఉంటే ఆ రెండో టీ మానేసేవాణ్ణి. కల్వర్టు దగ్గర ఫోటోలు మానేసేవాణ్ణి. దూరం తెలిస్తే మనిషి చచ్చిపోతాడా? దూరం నాకు భయం కాదు, దూరం నడవడానికే వచ్చాను. నడిచినకొద్దీ పెరిగే దూరంతోనే నా గొడవ. నువ్వు ఓదార్పువా, కొలతవా? ముందు అది తేల్చుకో.

ఆవిడ ఉప్పుగల్లు వేసిన మజ్జిగ ఇచ్చింది. రెండు గ్లాసులు. ఆ విషయం దాచను.

పన్నెండూ నలభైకి చేరాను. గుడి తలుపులు వేసి ఉన్నాయి. తప్పు వాళ్లది కాదు. స్వామికీ భోజనం, విశ్రాంతి ఉంటాయి కదా. కాస్త దూరంలో ఒక కుక్క నీడలో పడుకుని నావైపు కన్నెత్తి చూసి మళ్లీ మూసుకుంది. రేవులోకి దిగి కాళ్లు నీళ్లలో పెట్టాను. నాగావళి, సువర్ణముఖి, వేగావతి, మూడూ అక్కడే కలుస్తాయి. ఏ నీరు ఏ ఏటిదో నాకు తెలియలేదు. బొబ్బకి మాత్రం మూడూ మండాయి.

అక్కడ కూర్చుని బలరాముణ్ణి తలుచుకున్నాను. అన్నదమ్ములు కురుక్షేత్రంలో కొట్టుకుంటుంటే ఎటూ చేరకుండా తీర్థయాత్రకి బయల్దేరిన మనిషి. మావైపు చెప్పుకునే కథలో ఆయనే నాగలితో గీసి ఈ ఏటిని పారించాడు, ఒడ్డున అయిదు శివలింగాలు పెట్టాడు. పాయకపాడు, గుంప, సంగం, శ్రీకాకుళం, కళ్లేపల్లి. ఆయనకి దారి అడిగే బాధ లేదు, గీసిందే దారి. నేను కళ్లేపల్లి నుంచి, అంటే సముద్రం వైపు నుంచి ఎదురు నడుస్తున్నాను. పైగా నేను రెండో మజిలీకి మడమకి మందు రాసుకునేలోపు, 2022 ఏప్రిల్‌లో సంగం విజయనగరం జిల్లాకి, గుంప పార్వతీపురం మన్యం జిల్లాకి వెళ్లిపోయాయి. ఒక్క అడుగు వెయ్యకుండా జిల్లాలు దాటేశాయి. అదృష్టం అంటే అది. (టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లన్న ఉన్నాడు, పైకప్పు లేకుండా ఎండలోనే ఉంటాడు. ఈ అయిదుగురిలో ఆయన లేడు గానీ నా బాధ ఆయనకే అర్థమవుతుంది. వెళ్లినప్పుడు చెప్పుకుంటాను.)

సాయంత్రం తలుపులు తీశాక దర్శనమైంది. హారతి పళ్లెం పట్టుకుని పూజారి గారు, ‘ఎక్కడి నుంచి వచ్చారు?’ అన్నారు. శ్రీకాకుళమన్నాను. ‘ఓ, దగ్గరే’ అన్నారు.

వచ్చే నెల గుంప మజిలీ. ఇక్కడి నుంచి ఎంతో మిమ్మల్ని అడగను, అడిగినా చెప్పొద్దు. ఆ తర్వాత మిగిలేది రాయగడ దగ్గర పాయకపాడు, ఒడిశాలో. భాష మారుతుంది కాబట్టి మీ బెడద వదులుతుందని కొన్నాళ్లు సంబరపడ్డాను. నిన్న బరంపురంలో చదువుకున్న మిత్రుణ్ణి అడిగితే, అక్కడ దారి అడిగితే ఏమంటారో చెప్పాడు. ‘పాఖరే’ అంటారట. దగ్గరే అని అర్థం. మీ తమ్ముడా? ప్రాసతో సహా మీ పోలికే.

నేను వస్తున్నానని ఆయనకి ఒక ముక్క రాసి పడెయ్యండి. మజ్జిగ సంగతి కూడా రాయండి.

ఇట్లు,
తమ విధేయుడు,
సంగం వరకు వచ్చినవాడు