మా దొడ్డమ్మ డబ్బు చచ్చిన డబ్బా?

"చచ్చిన డబ్బు" అన్నాడండి.

మా దొడ్డమ్మ నాలుగు లక్షల ఎఫ్డీ బాండు మా ఇంట్లో టీపాయ్ మీద ఉంది. ఆవిడ పక్కనే కూర్చుంది. ఆవిడ ముందే, ఆవిడ మనవడు ఆ కాగితం మీద వేలు పెట్టి "బ్యాంకులో పడున్న డబ్బు చచ్చిన డబ్బు పిన్నీ" అన్నాడు. పొద్దున పదకొండింటి మాట ఇది. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాటింది. నాకింకా కోపం దిగలేదు. మీలో సగం మంది ఇళ్ళల్లో ఇలాంటి మనవడో, కొడుకో, అల్లుడో ఉండే ఉంటాడు, అందుకే రాస్తున్నాను.

రేపు సోమవారం బ్యాంకుకి తోడు రమ్మని అడగడానికి వచ్చింది దొడ్డమ్మ. బాండుని మందుల షాపు కవర్లో చుట్టి కొంగు కింద పెట్టుకుని వచ్చింది. "ఎఫ్డీ తీసేయించాలంట అమ్మాయ్. ఆడేదో క్రిప్టోలో పెడతాడంట. ఏడాదిలో రెట్టింపవుద్దంట" అంది. వెనకాలే బండేసుకుని వాడూ దిగాడు. బీటెక్ అయి ఏడాదిన్నరయింది. హైదరాబాదులో ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, దొరక్క రాజోలు వచ్చేశాడు. చెడ్డ పిల్లాడు కాదు. రాత్రంతా ఫోన్లో ఆ క్రిప్టో (ఫోన్లలో, కంప్యూటర్లలోనే ఉండే డబ్బు) ధరల గీతలు చూస్తూ కూర్చుంటాడని మా అక్క ఏడుస్తుంది.

నేను రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. నాకు అంతా తెలుసని కాదు, కానీ డబ్బు గురించి మాట్లాడితే నాకు అర్థమవుతుంది. వాడు మాత్రం "నీకు తెలీదులే పిన్నీ, మీ తరానికి కరెన్సీ అంటే ఏంటో తెలీదు" అన్నాడు.

ఎవరికి తెలీదు? మా దొడ్డమ్మకా?

మా దొడ్డమ్మ 2003లో ఖద్దామా వీసా (ఇంటిపని వీసా) మీద కువైట్ వెళ్ళింది. వీడి మొదటి పుట్టినరోజు చేసి, ఆ వారంలోనే విమానం ఎక్కింది. పదకొండేళ్ళు చేసింది. ఆవిడ వెళ్ళినప్పుడు దినారుకి నూట యాభై చిల్లర వచ్చేది. ఆ దినారు ఎప్పుడు పెరుగుతుందో, ఎప్పుడు తగ్గుతుందో చూసుకుంటూ డబ్బు పంపేది. 2013 ఆగస్టులో రూపాయి డాలరుకి 68 దాకా పడిపోయింది, దినారు 230 దాటింది. ఆ వారం పక్క ఇళ్ళల్లో పనిచేసే మన ఊరి ఆడవాళ్ళ దగ్గర దినార్లు చేబదులు తీసుకుని మరీ పంపింది. వచ్చే నెల జీతంలో వాళ్ళకి తిరిగిచ్చేసింది. ఏడో తరగతి చదివిన మనిషి చేసిన పని ఇది! ఒక దేశపు డబ్బు పడితే ఇంకో దేశపు డబ్బుతో ఎలా నిలబడాలో ఆ ఇంట్లో ఒళ్ళు వంచి నేర్చుకున్నది ఆవిడొక్కతే. ఆ మనిషి ముందు కూర్చుని "మీకు కరెన్సీ తెలీదు" అంటాడా?

సరే, వాడి వాదన కూడా చెప్తాను. రూపాయి కరిగిపోతోంది అంటాడు. నిజమే. దొడ్డమ్మ ఎఫ్డీ మీద ఏడు శాతం వడ్డీ వస్తే, ధరలు పెరిగింది తీసేస్తే ఒకటో రెండో శాతం మిగులుతుంది, ఒక్కో ఏడాది అదీ మిగలదు. ప్రభుత్వం నోట్లు ఎన్నయినా అచ్చేస్తుంది, క్రిప్టోల్లో మొదటిదైన బిట్‌కాయిన్ మాత్రం మొత్తం 2 కోట్ల 10 లక్షలకి మించి రాదు అంటాడు. అదీ నిజమే. 2009 జనవరిలో మొదలైంది, ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దాన్ని దొంగ సరుకని నేను అనను. 2024 డిసెంబరులో ఒక్క కాయిన్ ధర లక్ష డాలర్లు దాటిందని వాడు పది సార్లు చెప్పాడు. 2021 నవంబరులో 69 వేల దగ్గరున్నది ఏడాది తిరిగేసరికి 16 వేల కిందకి వచ్చిందని మాత్రం ఒక్కసారి కూడా చెప్పలేదు. వాడికి 23 ఏళ్ళు. పడినా మళ్ళీ లేచేదాకా కాచుకోగలడు. ఆవిడకి 66. మోకాళ్ళు అరిగిపోయాయి, ఒక కంటికి శుక్లం తీయించాలి. నాలుగు లక్షలు లక్ష అయిన ఏడాదిలో ఆవిడ ఏ డాక్టరు దగ్గరికెళ్ళి "బాబూ, రెండేళ్ళు ఆగండి, మళ్ళీ పెరుగుద్ది" అని చెప్పుకోవాలి?

ఇంతా చేస్తే వాడు కొంటానన్నది బిట్‌కాయిన్ కూడా కాదు. గుచ్చి గుచ్చి అడిగితే బయటపడింది. బెంగళూరులో స్నేహితుడు చెప్పిన ఏదో కొత్త కాయిన్ అట. దాన్ని అందులోనే కట్టేసి ఉంచితే నెలనెలా వడ్డీ కూడా ఇస్తారట. ఎంత అన్నాను. ఏడాదికి ఇరవై శాతం అన్నాడు. మన గోదావరి లెక్కలో చెప్పుకుంటే నెలకి నూటికి రూపాయి అరవై పైసల పైమాటే. మన దగ్గర ఎవరైనా ఆ వడ్డీకి డబ్బు అడిగితే ఏం చేస్తామండి? ప్రోనోటు రాయించుకుంటాం. ఇద్దరి చేత సాక్షి సంతకాలు పెట్టిస్తాం. వాడికి ఎన్ని ఎకరాలున్నాయి, దింపుకి ఎన్ని కొబ్బరికాయలు పడతాయి, ఇంకెక్కడైనా బాకీ ఉన్నాడా అని నాలుగు ఊళ్ళు అడుగుతాం. ఇక్కడ అప్పు తీసుకునేవాడి మొహమే తెలీదు.

2022 మేలో లూనా అనే క్రిప్టో కాయిన్ మునిగింది ఇలాంటి వడ్డీ మీదే. దాని జోడీగా ఒక కాయిన్ ఉండేది, ఎప్పుడూ ఒక డాలరుకి సమానంగా నిలబడుతుందని చెప్పారు. అది దాచుకుంటే ఏడాదికి దాదాపు ఇరవై శాతం ఇస్తామన్నారు. ప్రపంచమంతా జనం దాచుకున్నవి తెచ్చి పోశారు. డాలరుకి సమానం అన్నది ఆ డాలరు దగ్గర నిలబడలేదు. ఎనభై డాలర్ల పైనున్న లూనా వారం పది రోజుల్లో పైసకి కొరగాకుండా పోయింది. ఇది చెప్తే "అది వేరే పిన్నీ" అన్నాడు. మునిగినవాళ్ళందరూ తమ ముందు మునిగినవాళ్ళ గురించి అనుకున్నది అదే.

పన్ను సంగతి అడిగితే వాడికి సగమే తెలుసు. 2022 బడ్జెట్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, పైన సెస్సు. దొడ్డమ్మ లాగా పన్నే పడనంత చిన్న ఆదాయం ఉన్న మనిషికైనా అదే 30. అమ్మినప్పుడల్లా ఒక శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) వేరే. అన్నిటికంటే కడుపు మండేది ఏంటంటే, ఒక కాయిన్‌లో లక్ష లాభం, ఇంకో కాయిన్‌లో లక్ష నష్టం వచ్చిందనుకోండి. చేతిలో మిగిలింది సున్నా. అయినా ఆ లక్ష లాభం మీద ముప్ఫై వేలు కట్టాల్సిందే, ఈ నష్టాన్ని అందులో తగ్గించనివ్వరు. ఎఫ్డీకైతే ఏటా ఏప్రిల్లో వడ్డీ మీద పన్ను కోయొద్దని బ్యాంకుకి నేను ఫారం నింపి ఇస్తున్నాను, పైసా కోత లేకుండా నెలకి రెండు వేల మూడొందల చిల్లర ఆవిడ ఖాతాలో పడుతోంది. పింఛను 4,000 కి అది కలిస్తేనే బీపీ మాత్రలు, గ్యాసు, పాలు. వాడు చచ్చింది అంటున్న డబ్బు ఆవిడకి నెలనెలా అన్నం పెడుతోంది!

డబ్బు పోతే ఎవర్ని అడుగుతావురా అన్నాను. దానికి జవాబు లేదు. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే మన దేశపు క్రిప్టో ఎక్స్ఛేంజీ నుంచి 23 కోట్ల డాలర్ల పైగా హ్యాకర్లు కొట్టేశారు. మన దేశంలో లక్షల మంది ఖాతాలు ఆగిపోయాయి. వాళ్ళ కాయిన్లు వాళ్ళు ముట్టుకోవడానికి ఏడాదికి పైనే పట్టింది. అదే బ్యాంకు దివాలా తీస్తే మనిషికి 5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది. 2020 దాకా అది లక్షే. దొడ్డమ్మ నాలుగు లక్షలు ఆ గీత లోపలే ఉన్నాయి, కావాలనే అలా పెట్టించాను.

ప్రభుత్వాల డబ్బు దేవుడిచ్చిందని నేను అనట్లేదు. 1990లో ఇరాక్ కువైట్ మీద పడ్డప్పుడు మా వీధిలో ఒకాయన కట్టుబట్టలతో, జేబులో దినారు నోట్లతో వచ్చాడు. ఆ నోట్లు ఇక్కడెవరూ ముట్టుకోలేదు. 2016 నవంబరు 8 రాత్రి మోదీ గారు టీవీలో మాట్లాడాక మా దొడ్డమ్మ బియ్యం డబ్బా అడుగునుంచి ఐదొందల నోట్లు తీసి ఏడ్చింది, నేను కళ్ళారా చూశాను. ఒక రోజు ఆగి బ్యాంకులు తెరిచిన దగ్గర్నుంచి లైన్లో నిలబడ్డాం. కాళ్ళు పీకాయి, తిట్టుకున్నాం, కానీ లైనంటూ ఒకటి ఉంది. లైను చివర కిటికీ, కిటికీ వెనక మనిషి ఉన్నాడు. వాడు చెప్పే కాయిన్‌కి ఆ కిటికీ ఎక్కడుందో చూపించమన్నాను.

అప్పుడన్నాడండి ఆ మాట. "కిటికీ ఉంటే ఏం లాభం పిన్నీ? చిన్న తాతయ్యని ముంచింది ఆ కిటికీ వెనక మనిషే కదా?"

నాకు నోట మాట రాలేదు.

చిన్న తాతయ్య అంటే మా నాన్న. ఆర్టీసీలో కండక్టరుగా చేసి 2012లో రిటైరయ్యారు. వచ్చిన డబ్బు డిపాజిట్ చేద్దామని ముప్ఫై ఏళ్ళుగా ఖాతా ఉన్న బ్యాంకుకే వెళ్ళారు. అక్కడి ఆఫీసరు లోపలికి పిలిచి, కుర్చీ వేసి, టీ తెప్పించి, "మాస్టారూ, ఇది ఎఫ్డీ లాంటిదే, కాకపోతే ఇంకా ఎక్కువ వస్తుంది, ఒక్కసారి కడితే చాలు" అని లక్షన్నరకి సంతకాలు పెట్టించుకున్నాడు. ఇంటికి ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం వచ్చింది. నాన్న దాన్ని పసుపు రాసి బీరువాలో పెట్టారు. అది బీమా పాలసీ అని, ఏటా లక్షన్నర కట్టాలని తర్వాతి ఏడాది ఉత్తరం వస్తే తెలిసింది. నచ్చకపోతే పదిహేను రోజుల్లో వాపసు చేయొచ్చని ఆ పుస్తకంలోనే ఎక్కడో ఉంది. కట్టకపోతే మొదటిది కూడా పోతుందన్నారు. రెండో ఏడాది అప్పు చేసి కట్టారు. మూడో ఏడాది చేతులెత్తేశారు. మూడేళ్ళు నిండలేదు కాబట్టి పైసా రాదన్నారు. మూడు లక్షలు. ఆ ఆఫీసరు ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయాడు. కొత్తాయన "మీరు చదవకుండా సంతకం ఎందుకు పెట్టారండీ" అన్నాడు మా నాన్నని. టిక్కెట్టు మీద పావలా తేడా వస్తే జేబులోంచి కట్టుకున్న మనిషాయన. బయటికొచ్చి రావి చెట్టు కింద బండి దగ్గర నిలబడి, "మీ అమ్మకి చెప్పకు" అన్నారు. 2017లో ఆయన పోయేదాకా అమ్మకి చెప్పలేదు.

కాబట్టి బ్యాంకు తరఫున వాదించే పని నాకు లేదు. నా ఒళ్ళు మండింది ఎక్కడంటే, పొద్దున వీడు వాళ్ళ అమ్మమ్మకి నచ్చజెప్తూ అన్న మాట కూడా అక్షరం పొల్లుపోకుండా అదే. "ఎఫ్డీ లాంటిదే అమ్మమ్మా, ఇంకా ఎక్కువ వస్తుంది." పదమూడేళ్ళ తర్వాత అదే వాక్యం నా చెవిన పడింది. ఆ రోజు నేను ఆ గదిలో లేను. ఈ రోజు ఉన్నాను.

ఇంకో మాట కూడా అనేస్తాను, చుట్టాలు చదివితే చదవనీండి. దొడ్డమ్మ పదకొండేళ్ళ కువైట్ డబ్బులో చిన్న కొడుకు రొయ్యల చెరువు వేశాడు, రొయ్యలకి తెల్లమచ్చ తెగులు వచ్చి ఒకే పంటలో ఊడ్చుకుపోయింది. డాబా వేశారు, దస్తావేజులో ఆవిడ పేరు లేదు. కూతురి పెళ్ళికి పెట్టింది. ఈ మనవడి బీటెక్‌కి పెట్టింది. ప్రతిసారీ ఎవరో ఒకరు "నీ డబ్బు ఊరికే పడుంది కదా" అంటూనే వచ్చారు. ఊరికే ఎప్పుడు పడుందండి అది? పరాయి దేశంలో నలభై ఐదు, యాభై డిగ్రీల ఎండలో పెరళ్ళు కడిగి, పరాయి పిల్లల్ని ఎత్తుకుని, సొంత మనవడిని ఫోటోల్లో చూసుకుని తెచ్చిన డబ్బు. అందరూ తీసుకోగా మిగిలినవి ఈ నాలుగు లక్షలు. ఇప్పటిదాకా తిరిగి ఇచ్చినవాడు ఒక్కడు లేడు. మగపిల్లాడి సరదాకి, వ్యాపారానికి, నష్టానికి మన ఇళ్ళల్లో మొదట గుర్తొచ్చేది ఆడవాళ్ళ గొలుసు, ఆడవాళ్ళ ఎఫ్డీయే ఎందుకవ్వాలి? క్రిప్టో అంత మంచిదైతే వాళ్ళ నాన్న బండి అమ్మి పెట్టమనండి. అది ఎవరి నోటా రాలేదు.

వాడు తన సొంత డబ్బు పెట్టుకుంటానంటే నేను అడ్డుపడను. ఇప్పటికే ఎక్కడో అరవై వేలు పెట్టాడట, యాప్‌లో లక్షా పదివేలు చూపిస్తోందట. అయితే అందులోంచి పదివేలు తీసి ఇప్పుడే మీ అమ్మమ్మ ఖాతాలో వెయ్యరా అన్నాను. "ఇప్పుడు తీయకూడదు పిన్నీ, లాక్‌లో ఉంది" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

బాండు నా బీరువాలో పెట్టాను. తాళం దొడ్డమ్మ కొంగుకే కట్టి పంపాను, దాచింది ఆవిడ కాబట్టి.

ఇది రాస్తుండగానే ఫోన్ చేసింది. "ఆడు మధ్యాన్నం నుంచి అన్నం తిన్లేదంటే. పోనీ ఒక లచ్చ ఇచ్చేద్దామా?" అంది. లాక్ తీసి పదివేలు చూపించాక మాట్లాడదాం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "రేపు బ్యాంకుకెళ్దాం లేవే, ఆ బాండుకి నామినీ ఎవరి పేరు రాయించానో నాకు గుర్తు లేదు" అంది.

పదింటికల్లా తయారుగా ఉండమని చెప్పాను.