పట్టించుకోకపోవడమూ హింసే

పసివాడి వీపుమీద వాత తేలితే ఊరు ఉలిక్కిపడుతుంది. కొట్టినవాళ్లను నలుగురూ దుమ్మెత్తిపోస్తారు, పోలీసులు వస్తారు, పత్రికల్లో వార్త పడుతుంది. అదే పిల్లవాడు నెలల తరబడి పంటినొప్పితో దవడ పట్టుకుని బడికి వస్తున్నా, చూపు ఆనడం లేదు, కళ్లద్దాలు ఇప్పించండని టీచరు మళ్లీమళ్లీ చీటీ పంపినా ఇంట్లో ఎవరూ కదలకపోతే, అది ఎవరికీ హింసగా తోచదు. ‘పాపం, పట్టించుకునే దిక్కు లేదు’ అని నిట్టూర్చి ఊరుకుంటాం. ఆ ఊరుకోవడం మీదే మా అభ్యంతరం. పిల్లల పట్ల జరిగే దుర్మార్గాలను పక్కాగా నమోదు చేసే అమెరికాలో ఏటా నిర్ధారణ అయ్యే కేసుల్లో అత్యధికం నిర్లక్ష్యానివే. దెబ్బలు, లైంగిక దాడులు లెక్కలో ఆ తర్వాతే వస్తాయి. అయినా పిల్లలపై హింస అనగానే మన మనసులో మెదిలేది పైకెత్తిన చెయ్యి ఒక్కటే.

ఈ చూపు సరికాదని ప్రపంచం ఎప్పుడో ఒప్పుకుంది. 1989 నవంబరు 20న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం శారీరక, మానసిక హింసతో పాటు నిర్లక్ష్యాన్నీ, దోపిడీనీ, లైంగిక దుర్వినియోగాన్నీ ఒకే వాక్యంలో చేర్చింది. తల్లిదండ్రులైనా, సంరక్షకులైనా, పిల్లల బాధ్యత తీసుకున్న మరెవరైనా సరే, వారి చేతుల్లో ఇవేవీ జరగకుండా చూడవలసింది ప్రభుత్వాలేనని తేల్చింది. పదేళ్లకు, 1999లో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన నిర్వచనం కూడా శారీరక, మానసిక, లైంగిక హింసల పక్కనే నిర్లక్ష్యాన్నీ, డబ్బు కోసం పిల్లలను వాడుకోవడాన్నీ నిలబెట్టింది. కాగితం మీద స్పష్టత వచ్చి దశాబ్దాలైంది. కంటికి ఆ స్పష్టత ఇంకా రాలేదు.

కంటికి రావడం ఎంత కష్టమో తెలియాలంటే వైద్యుల సంగతే చూడాలి. 1860లో పారిస్ వైద్యుడు ఆంబ్రోజ్ తార్ద్యూ, పెద్దల చేతిలో చిత్రహింసలు పడిన 32 మంది పిల్లల ఉదంతాలను ప్రచురించాడు. తోటి వైద్యులు పెద్దగా చెవిన పెట్టలేదు. 1946లో అమెరికాలో జాన్ కాఫీ అనే ఎక్స్‌రే నిపుణుడు, తలలో రక్తం గడ్డకట్టిన ఆరుగురు పసికందుల కాళ్లూ చేతుల ఎముకల్లో విరిగిన గుర్తులు కూడా ఉండటం గమనించాడు. ఎవరో చేసి ఉంటారని సూచించాడే తప్ప గట్టిగా అనలేకపోయాడు. అమెరికా పిల్లల వైద్యుడు హెన్రీ కెంప్, ఆయన సహచరులు ఇది తల్లిదండ్రులో సంరక్షకులో చేస్తున్న పని అని పేరు పెట్టి చెప్పింది 1962లో. విరిగిన ఎముక ఫిల్ము మీద తెల్లగా కనిపిస్తున్నా చదువుకున్న వైద్యులకే నమ్మబుద్ధి కాలేదు. కన్నవాళ్లు అలా చేస్తారా అన్న నమ్మకమే అడ్డుపడింది. ఎముకల సంగతే ఇలా ఉంటే, ఎక్స్‌రేకి అందని హింసను గుర్తించడానికి ఎంత కాలం పడుతుందో ఊహించవచ్చు.

కనిపించే హింసను కూడా సరిగ్గా చదవడం నేర్చుకోవాలి. ఆటల్లో పడిన పిల్లలకు దెబ్బలు ఎక్కడ తగులుతాయో అందరికీ తెలుసు: మోకాళ్లు, మోచేతులు, పిక్కల ముందు భాగం, నుదురు. ఎముక పైకి తేలి ఉండే చోట్లు అవి. చెవి, మెడ, కడుపు, వీపు, పిరుదులు, బుగ్గలోని మెత్తటి భాగం ఆటలో అంత తేలిగ్గా కమలవు. నాలుగేళ్లలోపు పిల్లల చెవి మీదో మెడ మీదో ఛాతీ, పొట్ట మీదో కమిలిన మచ్చ ఉంటే సరైన కారణం తెలిసేదాకా వదలకూడదని పిల్లల వైద్యులు అంటారు. ఇక పాకడం కూడా రాని బిడ్డ ఒంటిమీద మచ్చ ఉంటే, అది ఎంత చిన్నదైనా, ‘ఎక్కడో తగిలించుకుంది’ అన్న మాట నిలవదు. తనంతట తాను కదలలేని బిడ్డ ఎక్కడికి వెళ్లి తగిలించుకుంటుంది? ఏడుపు ఆపడం లేదన్న విసుగుతో పసికందును పట్టుకుని గట్టిగా ఊపేస్తే పైకి గీత కూడా పడకుండానే మెదడులో రక్తస్రావం జరగవచ్చు. ప్రాణమే పోవచ్చు, బతికితే చూపు పోవచ్చు. కొత్తగా తల్లిదండ్రులైన ప్రతి ఒక్కరికీ ఆసుపత్రి గడప దాటకముందే ఈ ఒక్క విషయం చెప్పి పంపాలి. భరించలేనంత విసుగు వచ్చినప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి నాలుగు నిమిషాలు పక్క గదిలోకి వెళ్లడం తప్పు కాదని కూడా చెప్పాలి.

మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తాన్ని సమర్థించేవారు ఇప్పటికీ ఉన్నారు. వారితో మేము ఏకీభవించం. దెబ్బకు పిల్లవాడు ఆ పని ఆపుతాడు, నిజమే. ఎందుకు ఆపాలో మాత్రం నేర్చుకోడు. దొరక్కుండా చేయడం నేర్చుకుంటాడు. 1979లో స్వీడన్ ఇంట్లో కూడా పిల్లలను కొట్టరాదని చట్టం చేసిన తొలి దేశమైంది. ఇప్పుడు ఆ దారిలో 60కి పైగా దేశాలున్నాయి. అయినా అయిదేళ్లలోపు పిల్లల్లో దాదాపు 40 కోట్ల మంది, అంటే ప్రతి పదిమందిలో ఆరుగురు, ఇంట్లో క్రమం తప్పకుండా దెబ్బలో, తిట్లో తింటున్నారని 2024లో యునిసెఫ్ అంచనా వేసింది.

తిట్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. అలసిపోయి ఒకరోజు కేకలేసిన తల్లిని హింసకురాలు అనడం అన్యాయం. మానసిక హింసను పట్టి ఇచ్చేది ఒక సంఘటన కాదు, రోజూ సాగే తీరు. నువ్వు పుట్టకపోతే బాగుండేదని పదేపదే అనడం, నలుగురిలో నవ్వులపాలు చేయడం, వదిలేసి పోతానని బెదిరించడం, తప్పు చేసిన బిడ్డతో రోజుల తరబడి మాట్లాడకుండా ఉండటం, విడిపోతున్న భార్యాభర్తలు బిడ్డను వేగులా వాడుకోవడం, ఇవన్నీ ఈ కోవలోవే. తండ్రి తల్లిని కొడుతుంటే తలుపు చాటున నిలబడి వినే పిల్లవాడి ఒంటిమీద ఒక్క దెబ్బా పడకపోవచ్చు. వాడూ బాధితుడే. ఇలాంటి ఇళ్లలో పెరిగిన పిల్లల్లో కొందరు ఎవరు గదిలోకి వచ్చినా కదలకుండా, రెప్ప వేయకుండా వాళ్ల ముఖాలు చదువుతుంటారు. చూసేవారికి అది బుద్ధిమంతనంలా కనిపిస్తుంది.

లైంగిక హింస గురించి సమాజంలో పాతుకుపోయిన అబద్ధాలు రెండు. ముక్కూమొహం తెలియనివాడే చేస్తాడన్నది మొదటిది. ఎక్కువ సందర్భాల్లో చేసేది బిడ్డకు తెలిసినవాడు, ఇంట్లోవాళ్లు నమ్మినవాడు. ముందు కానుకలు, ప్రత్యేక శ్రద్ధ, తర్వాత ‘మనిద్దరి మధ్యే ఉండాలి’ అనే రహస్యం, ఆపైన బెదిరింపు. ఈ వరసలోనే వల బిగుస్తుంది. ఒంటిమీద చెయ్యి పడకుండా ఫోను తెర మీద కూడా ఇదే వరస నడుస్తోంది. వైద్య పరీక్షలో ఏమీ తేలకపోతే ఏమీ జరగనట్లేనన్నది రెండో అబద్ధం. నిజంగా హింసకు గురైన పిల్లల్లోనూ ఎక్కువమందికి పరీక్షలో ఏ గుర్తూ కనిపించదు. సాక్ష్యం సాధారణంగా బిడ్డ నోటి మాటే. ఆ మాట ఏళ్ల తర్వాత బయటికి రావచ్చు; ఆలస్యమైనంత మాత్రాన అబద్ధమైపోదు. 18 ఏళ్లు నిండకముందే అత్యాచారానికో లైంగిక దాడికో గురైన ఆడపిల్లలు, మహిళలు ఇప్పుడు జీవించి ఉన్నవారిలో 37 కోట్ల మందికి పైగా ఉన్నారని యునిసెఫ్ 2024 అంచనా. మగపిల్లలూ ఈ బాధితుల్లో ఉన్నారు. వారికి నోరు విప్పడం మరింత కష్టం.

ఇక నిర్లక్ష్యం. తిండి, బట్ట, శుభ్రత అందకపోవడం అందరికీ తెలిసిన రూపం. రోగం వస్తే వైద్యం చేయించకపోవడం, బడి మానేసినా అడగకపోవడం, నీళ్లు, నిప్పు ఉన్నచోట పసివాళ్లను ఒంటరిగా వదిలేయడం కూడా అందులోవే. అన్నిటికంటే లోతుగా దిగబడేది, బిడ్డ పిలుపుకు ఎవరూ పలకకపోవడం. పసిబిడ్డ ఊ కొడితే తల్లి ఊ కొడుతుంది, నవ్వితే నవ్వుతుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడంతోనే మెదడు అల్లుకుంటుంది. అది దొరకనప్పుడు ఏమవుతుందో రుమేనియా చూపింది. 1989లో నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలాక అక్కడి అనాథాశ్రమాల్లో మంచాలకు అంటిపెట్టుకుపోయిన పిల్లలు వేల సంఖ్యలో బయటపడ్డారు. 2000 నుంచి బుకారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద జరిగిన అధ్యయనంలో కొందరిని శిక్షణ పొందిన పెంపుడు కుటుంబాలకు పంపారు. ఆశ్రమాల్లోని పిల్లల మెదడులో విద్యుత్ చర్య మందగించినట్లు తేలింది. రెండేళ్లలోపు ఒక ఇల్లు, తనదనుకునే మనిషి దొరికినవారు గణనీయంగా కోలుకున్నారు. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గింది. ఆ ఆశ్రమాల్లో తిండి పెట్టారు, బట్ట కట్టారు. లేనిది ఒక మనిషి. ఇంట్లో తిండికి లోటు లేకపోయినా ఎత్తు పెరగడం ఆగిపోయి, చోటు మారగానే మళ్లీ పెరిగిన పిల్లల ఉదంతాలు కూడా వైద్యశాస్త్రంలో నమోదయ్యాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త తప్పనిసరి. పేదరికాన్ని నిర్లక్ష్యమనడం ఘోరమైన తప్పు. రాత్రి పనికి వెళ్లక తప్పని తల్లి పెద్దపిల్లకు చిన్నవాణ్ని అప్పగించి వెళ్తే, ఆమెకు కావలసింది కేసు కాదు, పిల్లలను చూసుకునే చోటు. చినిగిన చొక్కా చూసి ఇంటి మీద ముద్ర వేసే అధికారి, ఇస్త్రీ బట్టలు చూసి మరో ఇంటిని వదిలేస్తాడు. డబ్బున్న ఇళ్లలోనూ వారాల తరబడి పెద్దలతో మాట్లాడకుండా పెరిగే పిల్లలున్నారు. ఇవ్వగలిగి ఇవ్వకపోవడం, సాయం అందించినా బిడ్డ దాకా చేరనివ్వకపోవడం, చూడవలసింది ఇదే. వైకల్యమున్న పిల్లల విషయంలో ఈ చూపు మరింత పదునుగా ఉండాలి. మిగతావారికంటే వారు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా హింసకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ జరిపించిన పరిశీలన 2012లో తేల్చింది. తమకు జరిగింది చెప్పలేని పిల్లలు, చెప్పినా అర్థం చేసుకునేవారు లేని పిల్లలు వాళ్లలో ఎందరో.

ఈ రూపాలను మేము విడివిడిగా చెప్పినా జీవితంలో అవి విడిగా రావు. 1995-97 మధ్య అమెరికాలో 17 వేలమందికి పైగా పెద్దలను బాల్యం గురించి అడిగిన వైద్యులు విన్సెంట్ ఫెలిటీ, రాబర్ట్ ఆండాల అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపింది. ఒక రకం కష్టం పడినవారిలో ఎక్కువమంది రెండోదీ పడ్డారు. కష్టాల సంఖ్య పెరిగే కొద్దీ నడివయసులో గుండెజబ్బు, కుంగుబాటు, మత్తు వ్యసనాలు పెరిగాయి. ఇది తలరాత అని ఎవరూ అనుకోనక్కర్లేదు. నమ్మకంగా నిలబడే పెద్దమనిషి ఒక్కరున్నా తట్టుకుని నిలబడిన పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ ఒక్కరు టీచరు కావచ్చు, పక్కింటి అవ్వ కావచ్చు.

అలాంటి వారి దగ్గర బిడ్డ నోరు విప్పినప్పుడు ఏం చేయాలి? వినాలి. ‘నిజంగానా’ అని నిలదీయకూడదు, ‘ఆయన ఇలా చేశాడా’ అని మాటలు అందించకూడదు. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయకూడదు, నిలుపుకోలేని ఒట్టు అది. బిడ్డ అన్న మాటలను అన్నట్లే రాసిపెట్టి, అదే రోజు బాలల రక్షణ అధికారులకు తెలపాలి. రుజువులు వెతకడం వారి పని. మనకు సహేతుకమైన అనుమానం చాలు. బిడ్డతో పదిమంది పదిసార్లు అదే కథ చెప్పించడం మాత్రం మరో హింస. నిర్లక్ష్యం విషయంలో ఇంకొకటి కావాలి: తేదీలు. ఒక రోజు ఆకలితో వచ్చిన పిల్లవాడి గురించి ఎవరూ ఏమీ తేల్చలేరు. ఏయే రోజుల్లో ఆకలితో వచ్చాడో, ఎన్నిసార్లు చీటీ పంపితే జవాబు రాలేదో తరగతి పుస్తకంలో ఉంటే, ఎవరూ కొట్టిపారేయలేని చిత్రం తయారవుతుంది.

ప్రభుత్వాలు చేయవలసింది ఇంతకంటే ముందే మొదలవుతుంది. 1970ల చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ అనే పరిశోధకుడు ఒక ప్రయోగం చేశాడు. తొలిసారి తల్లి కాబోతున్న, ఆసరా తక్కువ ఉన్న స్త్రీల ఇళ్లకు గర్భంతో ఉన్నప్పటి నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నర్సులు వెళ్లివచ్చారు. బిడ్డను ఎలా ఎత్తుకోవాలి, ఏడుపును ఎలా అర్థం చేసుకోవాలి, సాయం ఎక్కడ దొరుకుతుంది అన్నవే వారు మాట్లాడినవి. పదిహేనేళ్ల తర్వాత చూస్తే, ఆ ఇళ్లలో పిల్లలపై హింస, నిర్లక్ష్యం నిర్ధారణ అయిన ఉదంతాలు మిగతా ఇళ్లతో పోలిస్తే దాదాపు సగానికి తగ్గాయి. దెబ్బ పడ్డాక వచ్చే పోలీసులకూ కోర్టులకూ నిధులు ఇచ్చే ప్రభుత్వాలు, దెబ్బ పడకముందే గడప తొక్కే నర్సుకు జీతం ఇవ్వడానికి వెనకాడుతున్నాయి. వచ్చే బడ్జెట్‌లోనే ఆ పద్దుకు చోటు దొరకాలని, బడుల్లో నిర్లక్ష్యం నమోదుకు ఒక పుస్తకం, దాన్ని నెలనెలా చదివి కదిలే ఒక బాధ్యుడు ఉండాలని మేము కోరుతున్నాం.