62,418 దగ్గర వయసు ఆగిపోయిన మీటరు గారికి

సిమిలిగుడ,
కోరాపుట్ జిల్లా, ఒడిశా.

మహారాజశ్రీ కిలోమీటర్ల మీటరు గారి సముఖానికి,

మీరు క్షేమమని తలుస్తాను. వయసు మీద పడేవాళ్లకే కదా రోగాలు, మీకు ఆ బాధ లేదు.

నన్ను గుర్తుపట్టారో లేదో. పోయిన నెల రెండో ఆదివారం సాలూరులో ఓ రేకుల షెడ్డు కింద, తెల్ల పికప్ డ్యాష్‌బోర్డులో మీరు కొలువుదీరి ఉండగా, చంకలో సంచీ పెట్టుకుని వచ్చి మీ వంకే పది నిమిషాలు చూసినవాణ్ణి. అల్లం వ్యాపారిని. శుక్రవారం కుందులి సంతలో అల్లం, కాలీఫ్లవర్ కొని, పొట్టంగి, సుంకి మీదుగా ఘాట్ దిగి సాలూరు, విజయనగరం వైపు వేసుకునేవాణ్ణి. తిరుగు ప్రయాణంలో ఉల్లిపాయలో బెల్లమో ఎక్కించుకుని అదే ఘాట్ ఎక్కాలి. నాకు కావలసింది ఎక్కే బండి. దిగడానికేముంది, దొర్లితే బస్తా కూడా దిగుతుంది.

ఆ రోజు బ్రోకరు నాకు బోనెట్ చూపించలేదు, కాగితాలు చూపించలేదు. తలుపు తీసి, తాళం తిప్పి, గర్భగుడి తెర తీసినట్టు మిమ్మల్ని చూపించాడు. "మిగతాదంతా ఎందుకు బావూ, మీటరు చూడండి." చూశాను. 62,418. ఏడేళ్ల సరుకు బండికి! మా వీధిలో పాలబ్బాయి మోటార్‌సైకిలు అంతకంటే ఎక్కువ తిరిగింది.

తప్పుపట్టడం లేదు. అవసరాన్ని బట్టి వయసు మారడం మన దగ్గర కొత్త కాదు. పెన్షన్ కాగితంలో మా తాతగారికి ఆరేళ్లు పెరిగాయి. సంబంధం కుదిరే ముందు మా పిన్నికి మూడేళ్లు తగ్గాయి. కానీ వాళ్ల మోకాళ్లు మాత్రం కాగితం మాట వినలేదు. మెట్లెక్కేటప్పుడు అసలు వయసే పలికేవి. ఈ సంగతి నాకు నాలుగేళ్ల ముందే తట్టి ఉంటే బాగుండేది.

నాలుగేళ్ల ముందంటే, మీ బంధువొకరిని నమ్మాను. ఆయన 55 వేలు చూపించాడు. ఇంజను వాటర్ వాష్ చేసి, నల్ల పైపులకు ఏదో నూనె పూసి తళతళలాడించారు. నేను మురిసిపోయి డబ్బు కట్టాను. మూడో నెలలో, ఉల్లిపాయ బస్తాలతో సుంకి ఘాట్ సగంలో, ముందు వేడి ముల్లు లేచింది, తర్వాత ఆవిరి లేచింది, తర్వాత నేను బండి దిగి నెత్తిన చేతులు పెట్టుకున్నాను. ఇంజను పై భాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది, పైనున్న హెడ్ వంకర తిరిగింది. పిస్టన్ రింగులూ అరిగిపోయాయని విప్పాక తెలిసింది. హాఫ్ ఇంజను పనికి 60 వేలు. ఉల్లిపాయల సంగతి రాయను. రాస్తే నాకే కళ్లు మండుతాయి.

ఇంతా జరిగింది ఎక్కడనుకున్నారు? యుద్ధవిమానాల ఇంజన్లు తయారుచేసే ఊరి పక్కన! సునాబెడలో హెచ్‌ఏఎల్ ఫ్యాక్టరీని 1964లో మిగ్ విమానాల ఇంజన్ల కోసం పెట్టారు. ఇప్పుడు సుఖోయ్ ఇంజన్లూ అక్కడే. అందులో పనిచేసి రిటైరైన తెలుగాయన ఒకాయన మా వీధిలోనే ఉంటాడు. నా గోడు విని ఆయన అడిగింది ఒకే మాట: "ఎన్ని గంటలు తిరిగింది?" గంటలేమిటండీ, 55 వేల కిలోమీటర్లు అన్నాను. ఆయన నవ్వాడు. "మా ఇంజన్లకి లెక్క గంటల్లోనే. ఏ ఇంజను ఎన్ని గంటలు తిరిగిందో పుస్తకంలో ఉంటుంది. గంటలు నిండితే, బాగానే ఉన్నా సరే, విప్పాల్సిందే."

ఆ రాత్రి పడుకుని లెక్క వేశాను. మైదానంలో హైవే మీద గంటకు 60 వేగంతో పోయే బండి 60 వేల కిలోమీటర్లకు 1,000 గంటలు పనిచేస్తుంది. మా ఘాట్‌లో రెండో గేరులో, గంటకు 20 వేగంతో రొప్పుకుంటూ ఎక్కే బండికి అదే 60 వేలు 3,000 గంటలు. పైగా మోత బరువుతో. లోడింగు కోసం బండిని ఆన్‌లోనే ఉంచి డ్రైవరు టీ తాగే గంటలు మీ దగ్గర జమే పడవు. అంటే మీటరు గారూ, మీరు నిజం చెప్పినా నాకు పూర్తి నిజం చెప్పినట్టు కాదు. మీరేమో అబద్ధం కూడా మొదలుపెట్టారు.

మీ తాతల కాలంలో కనీసం కష్టపడేవారు. పళ్ల చక్రాల మీటరును వెనక్కి తిప్పాలంటే విప్పాలి, తిప్పాలి, అంకెలు వరసలో నిలబెట్టాలి, ఒకటి వంకరగా నిలబడితే దొరికిపోవాలి. మీకు ఒక వైరు, ఒక ల్యాప్‌టాప్ చాలట. టీ చల్లారేలోపు మూడేళ్లు యవ్వనం.

ఈసారి ఒంటరిగా రాలేదు నేను. మా మిస్త్రీ బాబాయిని వెంటపెట్టుకొచ్చాను, తమరు గమనించే ఉంటారు. సగం బీడీ చెవిలో పెట్టుకుని, మీ వంక కన్నెత్తి కూడా చూడని మనిషి. ఆయన రాగానే చేసిన పని బోనెట్ మీద అరచెయ్యి పెట్టడం. తర్వాత రేడియేటరు పై పైపు పట్టుకున్నాడు. బ్రోకరు వైపు తిరిగి, "ఏటీ, మాకంటే ముందే బండికి కాఫీ పట్టించేసినారా?" అన్నాడు.

"చలి కదా బావూ, ఒకసారి స్టార్ట్ చేసి ఉంచాను."

"అయితే రేపొస్తాం. మేమొచ్చేదాకా తాళం ముట్టుకోకండి."

రాత్రి సాలూరులోనే మా మరదలి ఇంట్లో పడుకుని తెల్లారి ఆరింటికే వచ్చాం. ఎందుకంటే వేడెక్కిన ఇంజను బుద్ధిమంతుడిలా కూర్చుంటుంది, చల్లగా ఉన్నప్పుడే తన గుణం బయటపెడుతుంది. మీ పక్కనే ఉన్న హెచ్చరిక దీపాలను బాబాయి ముందు చూశాడు. తాళం ఆన్ చేస్తే ఆయిల్ దీపం, బ్యాటరీ దీపం, ఇంజను దీపం వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. తమ ఇంట్లో ఇంజను దీపం అసలు వెలగనే లేదు. బల్బు పోయిందన్నాడు బ్రోకరు. పోయిందో, దాని నోరు నొక్కారో మీకే తెలియాలి. పొరుగింటివారు కదా.

బండి ఐదోసారికి అందుకుంది. వెనక తెల్లపొగ. చలి పొద్దున కాసేపు తెల్లపొగ వస్తే తప్పు కాదు, డీజిలు సరిగా మండక ముందు వచ్చేదే. ఇంజను వేడెక్కాక కూడా తగ్గకపోతే నీళ్లు లోపలికి పోతున్నాయని అనుమానం. నల్లపొగైతే డీజిలు ఎక్కువో గాలి తక్కువో, ఫిల్టరుతోనో ఇంజెక్టరుతోనో పోవచ్చు. మా భయమంతా నీలం పొగకే. అది ఆయిల్ కాలుతున్న పొగ. తమరి బండి వేడెక్కాక ఎక్సలరేటరు తొక్కితే సన్నగా, సిగ్గుపడుతూ నీలంగానే వచ్చింది.

తర్వాత బాబాయి ఆయిల్ పోసే మూత విప్పి, ఇంజను నడుస్తుండగానే ఆ రంధ్రం మీద బోర్లా పెట్టాడు. సన్నగా వణికితే పర్వాలేదు. మీ మూత అన్నం కుండ మీద చిప్పలా గంతులేసింది, పక్కనుంచి పొగ ఊదింది. "బ్యాక్ కంప్రెషన్," అన్నాడు బాబాయి. పిస్టన్లు ఆడే లైనర్లు, వాటి రింగులు అరిగి, పైన మండాల్సిన గాలి కిందికి జారుతోందన్నమాట. గేజ్ కడ్డీ లాగి వేళ్ల మధ్య ఆయిల్ రుద్దాడు. డీజిలు బండి ఆయిల్ నల్లబడటం మామూలే, నాలుగు రోజుల్లోనే నల్లబడుతుంది. ఇది బంగారంలా మెరుస్తోంది, పాకంలా సాగుతోంది. నిన్నో మొన్నో చిక్కటి ఆయిల్ పోశారు. చిక్కటిది పోస్తే చప్పుడు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది, కొనేవాడు ఊరు దాటేదాకా. ఒక్క మెప్పు మాత్రం ఇవ్వాలి, మూత లోపల పాలు కలిపిన టీ లాంటి జిగురు లేదు. నీళ్లూ ఆయిలూ కలవలేదు.

ఇక తమరి పరువు పోయిన ఘట్టం. డ్రైవరు తలుపు తీసినప్పుడు, సీటు పక్క స్తంభం మీద దుమ్ము పట్టిన చిన్న స్టిక్కరు. ఏదో ఊరి ఆయిల్ షాపువాళ్లు అంటించింది. బాల్‌పెన్నుతో రాసి ఉంది: తర్వాతి ఆయిల్ మార్పు 2,24,000.

నేను స్టిక్కరు చూశాను, మిమ్మల్ని చూశాను. మీరు కదలకుండా 62,418 అనే చూశారు. ఏమి ధైర్యమండీ! బ్రోకరు గోటితో ఆ స్టిక్కరు గీకేస్తూ, "పాత ఓనరు వేరే బండిది తెచ్చి అంటించుంటాడు బావూ" అన్నాడు. స్టిక్కరుని ఒక బండి నుంచి ఇంకో బండికి మార్చుకునే ఓనరును నేనింతవరకు చూడలేదు, కనబడితే దండేసి దణ్ణం పెట్టాలని ఉంది. బ్రేకు పెడల్ కొత్త రబ్బరు కింద ఇనుము నున్నగా అరిగి ఉందని బాబాయి చూపిస్తే ఆయన ఇంక మాట్లాడలేదు.

కోపంతో కాదు గాని, దారిలో బాబాయిని అడిగాను, మరి ఏ ఇంజను కొనాలి అని. ఆయన జవాబు మీకూ ఉపయోగపడుతుంది, ఏ బండిలో మళ్లీ పుడతారో. 2005లో వచ్చిన టాటా ఏస్ ఇంజను 702 సీసీ, రెండే సిలిండర్లు. ఊళ్లో గ్యాస్ సిలిండర్లకీ నీళ్ల డబ్బాలకీ బంగారం లాంటిది. దాన్ని ఒకటిన్నర టన్నుతో మా ఘాట్‌లో నిలబెడితే ఆ పాపం కొన్నవాడిది. అశోక్ లేలాండ్ దోస్త్ మూడు సిలిండర్ల 1,478 సీసీ. బొలెరో పికప్ నాలుగు సిలిండర్లు, 2,523 సీసీ. కొండకి సీసీ కావాలి అంటాడాయన, మిగతా వాదనలన్నీ మైదానంలో చెప్పుకోమంటాడు.

ఆ పైన, ఏ కాలం ఇంజను అన్నది. పాత మెకానికల్ డీజిలు పంపు బండైతే గట్టు పక్కన గుడ్డ పరచుకుని విప్పుకోవచ్చు. కంప్యూటరు కొలిచి డీజిలు చిమ్మించే కామన్ రైల్ వచ్చాక లాగుడు బాగుంది, డీజిలు కలిసొస్తుంది, కానీ కల్తీ డీజిలో నీళ్లో పడితే ఇంజెక్టర్లు పోతాయి, వాటి ధర వింటే మనం పోతాం. పైగా స్కానర్ ఉన్నవాడి దగ్గరికే పోవాలి. పొగ నిబంధనలు చూస్తే, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-4, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6. బీఎస్-6 బండి సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. సంతలో అర కిలోమీటరు, అర కిలోమీటరు తిప్పేవాడికి అది ముక్కులో దూది. పీకేస్తాం అనేవాళ్లు ఉన్నారు, అది చట్టానికి విరుద్ధం. ఎవరిమట్టుకు వాళ్లు చూసుకోవాలి. నా దారిలో, నా ఊళ్లో, నా బాబాయి చేతికి లొంగే ఇంజనే నాకు మంచి ఇంజను. కంపెనీ పేరు ఆ తర్వాత సంగతి.

కాగితాల గురించి ఎక్కువ చెప్పను. ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో కలవాలి. ఫైనాన్స్ తీరిందా, చలాన్లు ఉన్నాయా ఫోన్లోనే తెలుస్తుంది. ఆంధ్రా బండిని ఒడిశాలో రాయించుకోవాలంటే అక్కడి నుంచి ఫారం 28 మీద ఎన్ఓసీ రావాలి. అది వచ్చేలోపు అల్లం మొలకెత్తుతుంది.

అన్నట్టు, బండి కొన్నాను. మీది కాదు. జయపురం దగ్గర, ధాన్యం తోలే ఒక ముసలాయనది. పదకొండేళ్ల బండి, పాత పంపు, రంగు వెలిసిపోయింది, టాపు మీద సొట్ట. పొద్దున్నే వెళ్లేసరికి రేడియేటరు మంచులా ఉంది. ఒక్క తిప్పుకే అందుకుంది. మూత వణికిందంతే. నాలుగు ధాన్యం బస్తాలున్న బండిని మరో పన్నెండు వేయించి ఎత్తు రోడ్డు మీద మూడుసార్లు ఎక్కించాడు బాబాయి, వేడి ముల్లు సగం దాటలేదు. నేను అలవాటుకొద్దీ మీటరు వంక చూశాను. ముల్లు కదలడం లేదు.

"మీటరు పనిచెయ్యదు నాయినా," అన్నాడు ముసలాయన. "కేబులు తెగి పదకొండు నెలలైంది. ఎంత తిరిగిందో నాకూ తెలీదు."

బాబాయి చెవిలో బీడీ తీసి మొదటిసారి వెలిగించుకున్నాడు. "కట్టెయ్ డబ్బు" అన్నాడు.

ఎనిమిదేళ్లు దాటిన బండి కాబట్టి ఏడాదికోసారి ఫిట్‌నెస్, వచ్చే నెలే గడువు. మీటరు పనిచేయకపోతే అక్కడ ఒప్పుకోరు. అందుకని నిన్న కొత్త కేబుల్ వేయించాను. పదకొండు నెలల నిద్ర లేచి, ఏమీ జరగనట్టు 1,87,306 నుంచి లెక్క మొదలుపెట్టింది మీ వాళ్ల పిల్ల. ఆ పదకొండు నెలలు ఎంతని వేసుకోవాలో మీరు చెప్తే పెన్సిలుతో రాసుకుంటాను. ఇలాంటి లెక్కల్లో మీకు చెయ్యి తిరిగింది కదా.

ఇట్లు,
మీ 62,418ని నమ్మని,
కుందులి సంత అల్లం వ్యాపారి.

తా.క. మిమ్మల్ని ఎవరో కొన్నారని విన్నాను. ఇప్పుడు 58,000 చూపిస్తున్నారట. అభినందనలు.