మహారాజశ్రీ ఐపీవీ4 గారి సముఖానికి

మహారాజశ్రీ ఐపీవీ4 గారి దివ్యసముఖమునకు,

తెనాలిలో పుట్టి మియాపూర్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కొడుకు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ నంబరు రూపంలో అడ్రసు ఇచ్చే పాత పద్ధతి తమరు; ఆ అడ్రసులు నిండుకుని తమరు అయిపోయారని 2011 నుంచి వింటూనే ఉన్నాం. అయినా ఈ ఉదయం కూడా మా రూటర్‌లో, ఆఫీసు ప్రింటర్‌లో, అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కనున్న కెమెరాలో దర్శనమిచ్చారు. చిరంజీవులని వేరే చెప్పాలా!

గ్రాంథికం ఇంతటితో ఆపేస్తాను. అది మా నాన్నగారి శాఖ.

ఈ ఉత్తరానికి కారణం సగ్గుబియ్యం వడియాలు. మా అమ్మ ఏటా ఎండలు ముదరగానే మేడ మీద పాత చీర పరిచి వడియాలు పెడుతుంది. కోతులు ఏటా వాటిని మెచ్చుకుంటాయి. కర్ర పట్టుకుని కాపలా కూర్చోవడానికి ఆవిడ మోకాళ్లు ఒప్పుకోవడం మానేశాయి. బాధ్యత గల కొడుకుని కాబట్టి మేడ మీద ఒక కెమెరా, దానికో స్పీకరు బిగించి, హైదరాబాద్ నుంచే కోతుల్ని అదిలిస్తానని మాటిచ్చాను.

కెమెరాతో పాటు ఒక యాప్ ఇచ్చారు. మా మేడ మీది దృశ్యం తెనాలిలో బయలుదేరి, ఏ దేశంలోనో ఉన్న సర్వరుకెళ్లి, అక్కడ కాళ్లు కడుక్కుని, రెండు యాడ్‌లను వెంటేసుకుని నా ఫోనుకు వచ్చేది. అది వచ్చేసరికి కోతి తినేసి, మూతి తుడుచుకుని, పక్క మేడ ఎక్కి ఉండేది. ఈ తిప్పలెందుకు, నేరుగా ఇంటికే దారి వేసుకుందామనుకున్నాను. ఉగాదికి వెళ్లినప్పుడు ఒక పాత చిన్న కంప్యూటర్ పట్టుకెళ్లి రూటర్ పక్కన పెట్టాను. అప్పుడు తెలిసింది, మా ఇంటికి అసలు అడ్రసే లేదని.

రూటర్ పేజీలో బయటి అడ్రసు అన్న చోట 100.72తో మొదలయ్యే నంబరు కనిపించింది. తమకు తెలియనిదేముంది! 100.64 నుంచి 100.127 దాకా ఉన్న నంబర్లను 2012లో ఇంటర్నెట్ కంపెనీలు లోపల్లోపల వాడుకోవడానికి పక్కన పెట్టారు. బయట అవి చెల్లవు. ఇంట్లో 192.168, వీధిలో 100.72, ఆ పైన ఎక్కడో ఒక పెద్ద పెట్టె దగ్గర ఊరంతటికీ కలిపి ఒక అసలు నంబరు. సీజీనాట్ అని దీనికి పేరు.

హైదరాబాద్ పాత పేటల్లో ఇంటి నంబర్లు చూస్తే ఇదే గుర్తొస్తుంది. తాతగారి ఇంటికి రెండు డాష్‌లతో ఒక నంబరు ఉంటుంది. కొడుకులు పంచుకుంటే బై ఒకటి, బై రెండు. మనవలు పంచుకుంటే బై ఒకటి బై ఏ. చివరికి పార్సిల్ కుర్రాడు ఫోన్ చేసి "సార్, బై తర్వాత ఏ బై?" అని అడుగుతాడు. ఆ ఇళ్లు ఇంకా నయం, కనీసం బైలైనా ఉన్నాయి. సీజీనాట్‌లో గేటు దగ్గర వాచ్‌మన్ ఒక్కడే ఉంటాడు. లోపలి నుంచి ఎవరైనా బిర్యానీ ఆర్డర్ చేస్తే గుర్తుపెట్టుకుని ఆ బిర్యానీని ఆ ఫ్లాటుకే పంపిస్తాడు. ఎవరూ పిలవకుండా బయటి నుంచి సొంత కొడుకే వచ్చినా "ఎవరు కావాలి?" అని వెనక్కి పంపుతాడు. ఇలా ఒక్క నంబరు వెనక చాలామందిని ఉంచే నాట్ అనే ఏర్పాటు 1994లో వచ్చినప్పుడు ఇది స్వల్పకాలిక పరిష్కారమని పత్రంలోనే రాసుకున్నారు. మా దగ్గర తాత్కాలిక బస్టాండు ఎంత తాత్కాలికమో ఇదీ అంతే.

ఇంటర్నెట్ అబ్బాయికి ఫోన్ చేశాను. "స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత నంబరు, కావాలంటే ఎక్స్‌ట్రా అవుద్దండి. అయినా ఇంటికెందుకండీ? కెమెరాకా? యాప్‌లో వచ్చుద్ది కదండీ" అన్నాడు. పోనీ తమ తర్వాత వచ్చిన ఐపీవీ6 ఉందా అని అడిగాను. "అది ఎప్పట్నుంచో ఇస్తన్నామండి. మీ రూటర్‌లో ఆఫ్ చేసుంటది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదండి" అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. తమ పరిపాలన గురించి అంత క్లుప్తంగా ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ తమ ఆస్తి మొత్తం ఎంత? 429,49,67,296 అడ్రసులు. 1981లో తమ నియమాలు అచ్చయ్యే నాటికే భూమ్మీద దాదాపు 450 కోట్ల మంది ఉన్నారు. అంటే తలకొకటి కూడా రాదు. అడ్రసుకు 32 బిట్లు, అంటే 32 ఒకట్లు-సున్నాలు, చాలని నిర్ణయించిన వింట్ సెర్ఫ్ గారు, అది ప్రయోగమే అనుకున్నామని, ఆ ప్రయోగం ముగియనే లేదని తర్వాత తానే చెప్పుకున్నారు. ఉన్నదాన్ని పంచిన తీరు ఇంకా ముచ్చట. అగ్రహారాలిచ్చినట్టు 1,67,77,216 అడ్రసుల బ్లాకుల్ని అడిగినవాళ్లకు రాసిచ్చేశారు. 17తో మొదలయ్యేవన్నీ యాపిల్‌కి, 18వి ఎంఐటీ యూనివర్సిటీకి, 19వి ఫోర్డ్ కార్ల కంపెనీకి. అమెరికా తపాలా శాఖకు 56. తమ రాజ్యంలో ల్యాండ్ సీలింగ్ చట్టం రాలేదు కాబోలు.

127తో మొదలయ్యే బ్లాకును, అంటే ఇంకో కోటీ అరవై ఏడు లక్షల్ని, కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికి కేటాయించారు. దానికి 127.0.0.1 ఒక్కటి చాలదూ! మా ఊళ్లో తనలో తాను మాట్లాడుకునే పెద్దాయన ఒకరున్నారు, ఆయనకు సెంటర్లో అరుగు ఒక్కటే సరిపోయింది. ఇక 240 నుంచి పైవన్నీ, సుమారు 26 కోట్ల 84 లక్షలు, ‘భవిష్యత్తు అవసరాలకు’ దాచారు. ఆ భవిష్యత్తు వచ్చింది, వాకిట్లో కాసేపు నిలబడింది, వెళ్లిపోయింది. తాళం మాత్రం తీయలేదు.

2011 ఫిబ్రవరి 3న కేంద్ర ఖజానాలో మిగిలిన ఆఖరి ఐదు బ్లాకుల్ని ప్రపంచంలోని ఐదు ప్రాంతాలకు తలొకటి ఇచ్చేసి చేతులు దులుపుకున్నారు. ఆ ఏప్రిల్ 15కల్లా మన ఆసియా వాటా కూడా అడుగంటి, తలా కాస్త రేషన్ లెక్కకు వచ్చింది. ఆ తర్వాత మొదలైంది అసలు రియల్ ఎస్టేట్. దివాలా తీసిన నార్టెల్ కంపెనీ దగ్గర మైక్రోసాఫ్ట్ అదే ఏడాది 6,66,624 అడ్రసుల్ని 75 లక్షల డాలర్లకు కొనుక్కుంది. గజాల లెక్కన అమ్మినా ఇంత పద్ధతిగా ఉండదు.

తమ వారసుడు ఐపీవీ6 మాత్రం 1995 డిసెంబర్‌లోనే నియమాలతో సహా సిద్ధమయ్యాడు. తమరు గద్దెనెక్కినప్పుడు 1983 జనవరి 1న ఇంటర్నెట్‌కు ముందుతరమైన ఆర్పానెట్ మొత్తం ఒకే రోజున పాత పద్ధతి వదిలింది. కొన్ని వందల యంత్రాలు కాబట్టి ఒక ముహూర్తంతో చెల్లిపోయింది. ఆరో ఆయనకు ఆ యోగం లేదు. 2012 జూన్ 6న ప్రారంభోత్సవం చేశారు కానీ ఎవర్నీ దిగమనలేదు. పైగా తమ ఇద్దరికీ మాటల్లేవు. ఒకరు చెప్పింది ఇంకొకరికి చేరాలంటే మధ్యలో దుబాసీ ఉండాల్సిందే. అన్నదమ్ములు మాట్లాడుకోని ఇంట్లో పిల్లలు చీటీలు మోసినట్టు మా ఫోన్లు ఆ పని చేస్తున్నాయి. అయినా మన దేశంలో మొబైల్ కంపెనీలు, ముఖ్యంగా 2016లో జియో వచ్చాక, ఫోన్లకు ఆరో అడ్రసే ఇవ్వడం మొదలుపెట్టాయి. ఇవాళ ఐపీవీ6 వాడకంలో భారత్ ప్రపంచంలో ముందు వరసలో ఉంది. వాడుతున్నట్టు వాడేవాళ్లకు తెలియదు, అది వేరే సంగతి.

రూటర్‌లో ఆరో ఆయన్ని ఆన్ చేశాను. ఆ పేజీ తెరవడానికి 192.168.1.1 అని తమ పేరే కొట్టాల్సి వచ్చింది. కోటకు కొత్త తలుపు పెట్టడానికి పాత తలుపులోంచే వెళ్లాలి కదా. ఆన్ కాగానే మా ఇంటికి వచ్చిన అడ్రసులెన్నో తెలుసా? తమ మొత్తం ఆస్తిని మళ్లీ అంతే ఆస్తితో హెచ్చవేస్తే ఎన్నో అన్ని. తెనాలిలో ఒక డాబా ఇంటికి! అమ్మ రైస్ కుక్కర్‌కి కూడా ఇవ్వొచ్చు, అది అడగాలే గానీ.

అయితే ప్రతి గదికీ వీధిలోకి తలుపుంటే ప్రతి తలుపుకీ తాళం ఉండాలి. ఇక్కడే తమ భక్తులు "నాట్ ఉంటే సెక్యూరిటీ అండీ" అంటారు. వాచ్‌మన్ మతిమరుపుని కాపలా అనుకోవడం కాకపోతే ఏమిటిది? 2016లో మిరాయ్ అనే పురుగు లక్షల కెమెరాల్లో, రూటర్లలో దూరింది, ఫ్యాక్టరీ పాస్‌వర్డులు మార్చలేదన్న ఒక్క కారణంతో. కాబట్టి కెమెరాని బయటికి చూపించలేదు. రూటర్ ఫైర్‌వాల్‌లో అన్నీ మూసి, చిన్న కంప్యూటర్‌కి ఒక్క కిటికీ, యూడీపీ పోర్టు 51820, తెరిచి, దాని వెనక వైర్‌గార్డ్ పెట్టాను. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసిన ఈ వీపీఎన్, అంటే ఇంటర్నెట్‌లో తవ్వుకునే రహస్య సొరంగం, 2020లో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలాంటి కెర్నల్‌లోనే చేరింది. దీని స్వభావం నాకు భలే నచ్చింది. తాళంచెవి సరైనది కాకపోతే "పో" అని కూడా అనదు. ఉలకదు, పలకదు. వినాయక చవితి చందాకి పిల్లలొచ్చినప్పుడు మా బాబాయి లైట్లార్పి కూర్చునేవాడు, అచ్చం అలాగే.

హైదరాబాద్ వచ్చేశాను. మూడో రోజు తెనాలిలో కరెంటు పోయి వచ్చింది. ఇంటి ప్రిఫిక్సు, అంటే అడ్రసులో మొదటి భాగం, మారిపోయింది. నాన్నగారికి ఫోన్ చేసి స్క్రీన్ మీదున్న అడ్రసు చదవమన్నాను. ముప్పై ఏళ్లు హైస్కూల్లో సంధులు, సమాసాలు చెప్పి రిటైరైన మనిషి.

"రెండు, సున్నా, సున్నా, ఒకటి. విసర్గ."

"విసర్గ కాదు నాన్నగారూ, కోలన్."

"చుక్క మీద చుక్క ఉంటే విసర్గేరా. డి, బి, ఎనిమిది. విసర్గ. ఇదేమిట్రా, ఇక్కడ రెండు విసర్గలు పక్కపక్కనే ఉన్నాయి? అచ్చుతప్పా?"

వరసగా సున్నాలు ఉన్నచోట వాటిని తీసేసి అలా రాస్తారని చెప్పాను.

"ఓహో, లోపమా. నిత్యమా, వైకల్పికమా?"

"ముందుండే సున్నాలకు వైకల్పికమండీ. ఈ జంట విసర్గ మాత్రం ఒక అడ్రసులో ఒక్కసారే రావాలి."

"రెండుసార్లొస్తే?"

"ఎక్కడ ఎన్ని సున్నాలు పోయాయో తేలదు."

అటువైపు కాసేపు మాట లేదు. "దీనికో వ్యాకరణం ఉందిరా," అన్నారు. ఈ సున్నాల్ని ఏ పద్ధతిలో తీయాలో చెప్పడానికే 2010లో ఒక ప్రమాణపత్రం రాశారంటే ఇంకా సంతోషించారు. "మరి నాలుగు తర్వాత ఆరేమిటి? ఐదేమైంది?" ఆ నంబరుని అంతకు ముందే ఎస్‌టీ అనే వేరే ప్రయోగానికి ఇచ్చేశారని చెప్పాను. "పేరు పెట్టారు గానీ పెంచలేదన్నమాట," అని ఫోను పెట్టేశారు. మిగతా సగం అడ్రసు చదవనేలేదు. మళ్లీ చేశాను. ఆ రాత్రే, అడ్రసు మారిన ప్రతిసారీ దానంతటదే ఒక పేరు కింద నమోదయ్యేట్టు డైనమిక్ డీఎన్ఎస్ పెట్టేశాను. నాన్నగారు కొంచెం నిరాశపడ్డారు.

పని చేసింది మహాప్రభో! మొబైల్ డేటాలో తెరిస్తే మేడ నేరుగా వచ్చింది. చీర కొంగు మీద ఒక పెద్ద కోతి, చేతిలో వడియం. నేను మియాపూర్ బాల్కనీలో నిలబడి "హేయ్!" అని అరిచాను. కోతి కెమెరా వైపు చూసింది. కింద నుంచి అమ్మ గొంతు, "ఎప్పుడొచ్చావురా?" అని.

తమరు అప్పుడైనా తప్పుకోవచ్చు. తప్పుకోలేదు. కోతులు వచ్చేది పదకొండు గంటలకు, అప్పుడు నేనుండేది ఆఫీసులో. మా ఫ్లోర్‌లో మొబైల్ సిగ్నల్ అందదు, ఉన్నదల్లా వైఫై. ఆ వైఫైలో ఆరో ఆయన్ని అడుగు పెట్టనివ్వరు. ఐటీ వాళ్లని అడిగితే "రోడ్‌మ్యాప్‌లో ఉంది" అన్నారు. అంతర్జాతీయ కంపెనీలకు నెట్‌వర్కులు కట్టిచ్చే ఫ్లోర్ అది, తమకు ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు.

చివరికి సిగ్గు విడిచి చెబుతున్నాను. ముంబయిలో ఒక చిన్న సర్వరు అద్దెకు తీసుకున్నాను. తమ అడ్రసు కూడా ఉన్నదాన్నే. అది ఉంటే అద్దె ఎక్కువ. అమెజాన్ అయితే 2024 ఫిబ్రవరి 1 నుంచి అడ్రసొక్కింటికి గంటకు అర సెంటు చొప్పున విడిగా బిల్లు వేస్తోంది, వాడినా వాడకపోయినా. తెనాలి కంప్యూటర్ అక్కడికి ఆరో దారిలో వెళుతుంది, నేను ఆఫీసు నుంచి తమ దారిలో వెళతాను, ఇద్దరం ముంబయిలో కలుసుకుంటాం. తమ పీడ వదిలించుకోవడానికి నెలనెలా తమకే అద్దె కడుతున్నాను. ఇంకొకటి, ఎలాగూ దొరికిపోయాను కాబట్టి: ఆ సొరంగం లోపల నా ఫోనుకు, ఇంటి కంప్యూటర్‌కి నేను పెట్టిన నంబర్లు మళ్లీ తమ వంశానివే, 10.0.0.2, 10.0.0.3. ఎవరూ అడగలేదు. చెయ్యి అలా అలవాటైపోయింది.

ఇట్లు,
తమ అద్దెదారు

తా.క.: అమ్మ గత ఆదివారం వడియాల మీద పాత దోమతెర కప్పి నాలుగు మూలలా ఇటుకలు పెట్టింది. అప్పట్నుంచి కోతులు రావడం లేదు. ముంబయి మీదుగా నాకు రోజంతా తెల్లటి దోమతెర కనిపిస్తోంది, చాలా క్లియర్‌గా.